కాలి కింద బ్రేకు: బండి వెనక బ్రేకును సరిగ్గా వాడటం ఎలా

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా మేనల్లుడికి బండి నేర్పించాను. ఇంటర్ అయిపోయింది, చేతికి లెర్నర్ లైసెన్స్ వచ్చింది, ఇక ఆగేలా లేడు. మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో మొదటి రోజు బండి స్టార్ట్ చేయకముందే అడిగాను, "ఆపాలంటే ఏ బ్రేకు వేస్తావురా?" అని. వెంటనే చెప్పాడు: "కాలిదే మామయ్యా. ముందుది పట్టుకుంటే బండి పల్టీ కొడుతుందంట కదా!" ఈ మాట వాడికి వాళ్ల నాన్న చెప్పాడు. ఆయనకు ఇంకెవరో చెప్పి ఉంటారు. మన ఊళ్లలో తండ్రి నుంచి కొడుక్కి బండితో పాటే చేతులు మారుతూ వస్తున్న సలహా ఇది.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే మాట ఈమధ్య కుర్రాళ్ల నోట వింటున్నాను. "వెనక బ్రేకుతో పనే లేదు, అసలు బ్రేకంటే ముందుదే" అంటారు. ఈ రెండు మాటల వల్లా మనుషులు పడిపోవడం నేను చూశాను. నా అనుభవంలో తేలింది ఇది: స్పీడులో ఉన్న బండిని ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకుదే. కానీ బండిని మీ చేతిలో ఉంచేది వెనక బ్రేకు. ట్రాఫిక్‌లో, మలుపులో, ఇసుకలో, ఎత్తు మీద, యూటర్న్‌లో బండి మీరు చెప్పినట్టు వినాలంటే కుడి కాలికి విడిగా చదువు చెప్పాలి. ఆ చదువు ఎలా చెప్పాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందుగా బరువు సంగతి

ఇది అర్థమైతే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి. మీరూ మీ బండీ కలిపి 200 కేజీలు అనుకుందాం. కదలకుండా ఉన్నప్పుడు ముందు చక్రం మీద సుమారు 90, వెనక చక్రం మీద 110 కేజీలు పడతాయి. బస్సు డ్రైవరు బ్రేకు కొడితే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలతారు కదా, బండి బరువు కూడా అలాగే ముందుకు వాలుతుంది. ఓ మోస్తరు గట్టిగా బ్రేకు వేస్తే ముందు చక్రం మీద 135, వెనక 65 కేజీలు అవుతాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వేసే బ్రేకుకి ముందు 160 దాటుతుంది, వెనక 40 కూడా మిగలదు.

టైరు మీద ఎంత బరువు ఉంటే అంత గట్టిగా రోడ్డుని పట్టుకుంటుంది. వెనక బరువు తగ్గేకొద్దీ వెనక టైరు పట్టు తగ్గుతుంది. అలాంటి సమయంలో కాలితో బలంగా తొక్కితే చక్రం తిరగడం మానేసి జారుతుంది. బండి తోక ఊపడం మొదలయ్యేది అప్పుడే.

దూరాల్లో చెప్పుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద 60 స్పీడులో వెళ్తూ వెనక బ్రేకు ఒక్కటే వేస్తే, ఎంత బాగా వేసినా ఆగడానికి 40 మీటర్ల పైనే పడుతుంది. రెండు బ్రేకులూ కలిపి పద్ధతిగా వేస్తే 20 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఆగుతుంది. మీరు ఎదురున్న దాన్ని చూసి కాలూ చెయ్యీ కదిలించే లోపు గడిచే ఒక్క సెకనులో బండి పోయే 16, 17 మీటర్లు ఈ లెక్కలో కలపలేదు. కాబట్టి "కాలిది ఒక్కటే చాలు" అనే సలహా ఖరీదు ఇరవై మీటర్లు. ఒక గేదె రోడ్డు దాటడానికి ఆ ఇరవై మీటర్లు చాలు.

ఈ వ్యాసం వెనక బ్రేకు గురించే అయినా ఈ మాట ముందే చెప్పాల్సి వచ్చింది. ఇక్కడి నుంచి కాలి దగ్గరికి వద్దాం.

కాలు ఎక్కడ పెట్టాలి, పెడల్ ఎలా ఉండాలి

బండి స్టాండ్ వేసి సీటు మీద కూర్చోండి. కుడి పాదం ఫుట్‌రెస్ట్ మీద మామూలుగా పెట్టండి. బొటనవేలి కింద ఉండే మెత్తటి భాగం పెడల్‌కి సరిగ్గా పైన ఉండాలి, కానీ ఆనకూడదు. బ్రేకు వేయాలంటే పాదం మొత్తం ఎత్తి పెట్టాల్సి వస్తోందంటే పెడల్ మరీ ఎత్తుగా ఉన్నట్టు. మడమ ఫుట్‌రెస్ట్ మీద లేకుండా కాలు కిందికి సాగదీయాల్సి వస్తోందంటే మరీ కిందికి ఉన్నట్టు. చాలా బళ్లలో దీన్ని సరిచేయడానికి స్టాపర్ బోల్టు ఉంటుంది, మెకానిక్‌కి ఐదు నిమిషాల పని. నాకు తెలిసి బండి కొన్నప్పటి నుంచి పెడల్ ఎత్తు మార్పించుకున్నవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. అందరి కాళ్లూ ఒకేలా ఉండవు కదా, ఒక్కసారి చూసుకోండి.

మడమని ఫుట్‌రెస్ట్ మీద ఆనించి చీలమండ దగ్గర నుంచి మాత్రమే పాదాన్ని వంచడం అలవాటు చేసుకోండి. తొడ బలంతో తొక్కితే ఎంత తొక్కుతున్నారో మీకే తెలియదు. చీలమండతో నొక్కితే ఒత్తిడి మీద అదుపు ఉంటుంది. హార్మోనియం బెల్లోస్ నొక్కే చెయ్యి ఎంత మెత్తగా ఆడుతుందో అంత మెత్తగా ఈ పాదం ఆడాలి.

ఇక చెప్పుల సంగతి. హవాయి చెప్పులు వేసుకుని బండి నడపడం మనకు మామూలే, నేనూ నడిపాను. తడిసిన రబ్బరు చెప్పు తడిసిన పెడల్ మీద ఎలా జారుతుందో వానలో ఒక్కసారి జరిగితే తెలుస్తుంది. కనీసం మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి, బూట్లయితే ఇంకా మంచిది. అడుగు మరీ మందంగా ఉన్న బూట్లలో పెడల్ ఎంత దిగిందో తెలియదు, అది కూడా చూసుకోండి.

డ్రమ్ బ్రేకు ఉన్న బండి అయితే పెడల్‌ని చేత్తో నొక్కి చూడండి. బ్రేకు పట్టుకోవడం మొదలయ్యేలోపు పెడల్ చివర రెండు, మూడు సెంటీమీటర్లు వదులుగా దిగాలి. చాలా కంపెనీల మాన్యువల్లో 20 నుంచి 30 మిల్లీమీటర్లు అని ఉంటుంది. అంతకంటే ఎక్కువ దిగితే వెనక చక్రం దగ్గర బ్రేక్ రాడ్ చివర ఉన్న నట్టు బిగించాలి. అస్సలు వదులు లేకపోతే బ్రేకు ఎప్పుడూ కాస్త పట్టే ఉంటుంది, డ్రమ్ వేడెక్కుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. నట్టు తిప్పాక సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో తిప్పండి. రాపిడి లేకుండా తిరగాలి.

చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. చైను బిగించినప్పుడు వెనక చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, దాంతో బ్రేక్ రాడ్ కూడా బిగుసుకుంటుంది. అంటే చైను బిగించిన ప్రతిసారీ బ్రేకు మళ్లీ సరిచూసుకోవాలి. షెడ్డు నుంచి బయటికి రాగానే పెడల్ ఒకసారి నొక్కి చూడటం అలవాటు చేసుకోండి.

డ్రమ్ మీద, బ్రేకు ఆర్మ్ దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం ప్లేటు మీద గీతని తాకిందంటే బ్రేక్ షూలు అరిగిపోయినట్టే. నట్టు ఎంత బిగించినా లాభం లేదు, మార్పించండి. డిస్క్ అయితే ప్యాడ్ల మందం చూడండి, ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయించండి. చైనుకి లూబ్ కొట్టేటప్పుడు స్ప్రే డిస్క్ మీద పడనీయకండి, పడితే బ్రేకు పట్టదు.

గ్రౌండ్‌లో మొదటి పాఠం: కాలికి స్పర్శ తెలియాలి

ఇది ట్రాఫిక్‌లో నేర్చుకునే పని కాదు. తెల్లవారుజామున ఖాళీగా ఉండే గ్రౌండో, ఇళ్లు లేని కొత్త వెంచర్‌లో వేసి వదిలేసిన రోడ్డో చూసుకోండి. హెల్మెట్, ఫుల్ ప్యాంటు, చేతులకు గ్లౌజులు ఉండాలి. నాలుగు ఖాళీ నీళ్ల సీసాలు గుర్తుగా పెట్టుకోండి.

రెండో గేరులో 20 స్పీడుతో వచ్చి, మొదటి సీసా దగ్గర రేజ్ పూర్తిగా వదిలి, వెనక బ్రేకు మాత్రమే వేయండి. మొదటి ఐదారు సార్లు ఎక్కడ ఆగారన్నది పట్టించుకోవద్దు. పెడల్ ఎక్కడ దాకా వదులుగా దిగుతోంది, ఎక్కడ పట్టు మొదలవుతోంది, ఆ తర్వాత ఎంత నొక్కితే ఎంత తగ్గుతోంది, వీటిని కాలితో వినండి. ఒకేసారి తొక్కకుండా రెండు అంచెలుగా నొక్కండి. మొదట పట్టు దొరికేదాకా మెత్తగా, తర్వాత కావాల్సినంత పెంచుతూ. బండి ఆగబోయే చివరి క్షణంలో ఒత్తిడి కొద్దిగా తగ్గిస్తే ముందుకు కుదుపు రాకుండా ఆగుతుంది. వెనక కూర్చున్న అమ్మ తల మీ హెల్మెట్‌కి తగలకుండా ఆపగలిగితే ఈ పాఠం వచ్చినట్టే.

తర్వాత 25, 30 స్పీడుతో అదే పని చేస్తూ, ప్రతిసారీ కాస్త గట్టిగా నొక్కండి. ఒకచోట వెనక టైరు "కీచ్" మంటుంది, లేదా మట్టి నేల అయితే గీత పడుతుంది. అదే హద్దు. అది ఎక్కడుందో కాలికి తెలియాలనే ఈ కసరత్తంతా. బండి నిటారుగా, తిన్నగా ఉన్నప్పుడు, తక్కువ స్పీడులోనే ఇది చేయాలి. హ్యాండిల్ ఏమాత్రం తిరిగి ఉన్నా చేయకండి. మా మేనల్లుడు ఆ శబ్దం మొదటిసారి విన్నప్పుడు భయపడి కాలు తీసేశాడు. పదోసారికి ఆ శబ్దానికి ముందే వచ్చే సన్నటి వణుకుని పట్టుకోగలిగాడు. అదే కావాల్సింది.

రెండో పాఠం: రెండు బ్రేకులూ కలిపి

ముందు బ్రేకు కంటే కన్ను మూసి తెరిచేంత ముందుగా వెనక బ్రేకు మెత్తగా తాకాలి. అలా చేస్తే బండి వెనక భాగం కాస్త కిందికి దిగి నిలదొక్కుకుంటుంది, ముందు ఫోర్క్ ఒక్కసారిగా ముక్కు కిందికి దించకుండా ఉంటుంది. ఆ వెంటనే ముందు బ్రేకుని రెండు వేళ్లతోనో నాలుగు వేళ్లతోనో పిండుతూ పెంచండి. "పిండడం" అనే మాట కావాలనే వాడాను. నిమ్మకాయ పిండినట్టు పిండాలి, దోమని పట్టినట్టు పట్టకూడదు. ముందు బ్రేకు పెరిగేకొద్దీ కాలి ఒత్తిడి పెంచకండి, ఉన్నచోటే ఉంచండి, ఇంకా చెప్పాలంటే కొంచెం తగ్గించండి. వెనక బరువు తగ్గుతోంది కదా, ఇందాకటి లెక్క గుర్తు చేసుకోండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కంగారులో చెయ్యి ఎంత బిగుస్తుందో కాలూ అంతే బిగుస్తుంది. చెయ్యి పెంచుతుంటే కాలు తగ్గించడం మనసుకి కొత్త పని, అందుకే వందసార్లు చేయాలి.

క్లచ్ ఎప్పుడు పట్టాలని చాలామంది అడుగుతారు. మామూలుగా ఆపేటప్పుడు, ఇంజిన్ గడగడమని ఆగిపోబోయే దాకా క్లచ్ వదిలే ఉంచండి, ఇంజిన్ కూడా వెనక చక్రానికి బ్రేకులా పనిచేస్తుంది. సడన్‌గా ఆపాల్సి వస్తే మాత్రం బ్రేకులతో పాటే క్లచ్ కూడా పట్టేయండి. లేకపోతే ఇంజిన్ ఈడ్పు, కాలి బ్రేకు రెండూ కలిసి ఆ తేలికైన వెనక చక్రాన్ని లాక్ చేస్తాయి. అలాగే మూడో గేరు నుంచి ఒకటికి టకటకా దించి క్లచ్ వదిలేస్తే, బ్రేకు ముట్టుకోకపోయినా వెనక చక్రం ఒక్క క్షణం జారుతుంది.

మూడో పాఠం: నడక వేగంలో బండి

వెనక బ్రేకు అసలు గొప్పతనం ఇక్కడే. దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు.

మొదటి గేరులో, క్లచ్‌ని సగం దగ్గర ఉంచి, రేజ్ కొద్దిగా ఇచ్చి దాన్ని అలాగే ఉంచండి. ఇప్పుడు వెనక బ్రేకు సన్నగా, ఇంజిన్ లాగుడికి ఎదురు నిలబడేంత మాత్రమే నొక్కండి. ఇంజిన్ ముందుకు లాగుతోంది, బ్రేకు వెనక్కి పట్టి ఉంచుతోంది. ఈ రెండింటి మధ్య చైను బిగువుగా ఉంటుంది, బండి ఊగడం మానేస్తుంది. గాలిపటం దారం బిగువుగా ఉన్నంతసేపే మన మాట వింటుంది, బండి కూడా అంతే. వేగం పెంచాలంటే కాలు కాస్త వదలండి, తగ్గించాలంటే కాస్త నొక్కండి. రేజ్ మార్చే పని లేదు.

ఇలా మనిషి నడిచే వేగంతో తిన్నగా ఇరవై మీటర్లు, కాళ్లు కింద పెట్టకుండా వెళ్లండి. అది కుదిరాక సీసాల చుట్టూ తిరగండి. తర్వాత యూటర్న్. యూటర్న్‌లో చూపు సీసా మీద కాకుండా మీరు వెళ్లాల్సిన వైపు ఉండాలి, మెడ తిప్పి మరీ చూడండి. ముందు బ్రేకు మీది నుంచి వేళ్లు పూర్తిగా తీసేయండి. హ్యాండిల్ తిరిగి, బండి కాస్త వాలి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకుంటే బండి అక్కడికక్కడే, పక్కకి కూలబడుతుంది. పెట్రోలు బంకు దగ్గరో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో మనుషులు నిలబడ్డచోటే బండితో పాటు పడిపోవడం చూస్తుంటాం కదా, కారణం చాలాసార్లు ఇదే.

ఈ విద్య వచ్చాక హైదరాబాద్ అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్‌లోనో సాయంత్రం ఆరింటికి బండి నడపడం వేరేగా ఉంటుంది. మనవాళ్లు చాలామంది ట్రాఫిక్‌లో రెండు కాళ్లూ కింద పెట్టి నేల మీద ఈడ్చుకుంటూ పోతారు. ఆ సమయంలో వెనక బ్రేకు మీద కాలు లేదు, ఎదుటి ఆటో ఆగితే దిక్కు ముందు బ్రేకు ఒక్కటే, అదీ హ్యాండిల్ ఏ వైపో తిరిగి ఉండగా. పాదాలు ఫుట్‌రెస్ట్ మీద ఉంచండి. ఆగినప్పుడు ఎడమ కాలు మాత్రం కింద పెట్టండి, కుడి కాలు బ్రేకు మీదే ఉండాలి. సిగ్నల్ దగ్గర వెనక లైటు వెలుగుతూ ఉండటం వల్ల వెనకొచ్చే బస్సుకి మీరు ఆగి ఉన్నారని తెలుస్తుంది కూడా.

ఫ్లైఓవర్ ఎత్తు మీద ట్రాఫిక్ ఆగితే ఇదే కాలు కాపాడుతుంది. వెనక బ్రేకుతో బండిని పట్టి ఉంచండి. కదలాల్సినప్పుడు క్లచ్ మెల్లగా వదులుతూ రేజ్ ఇవ్వండి, బండి ముందుకు లాగుతోందని తెలిసిన క్షణంలో కాలు తీయండి. ముందు బ్రేకుతో పట్టుకుంటే అదే కుడి చేత్తో రేజ్ కూడా ఇవ్వాలి, రెండు పనులు ఒక చేతికి పడి బండి వెనక్కి జారుతుంది.

రోడ్డు మీద పట్టు లేనప్పుడు

వరి కోతల కాలంలో మన రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. రైతుకి కల్లం లేదు, ఆయన్ని తప్పుపట్టలేం. కానీ వడ్ల మీద బ్రేకు వేయడమంటే గోలీల మీద నడవడమే. వడ్లు, మొక్కజొన్న గింజలు, ట్రాక్టర్ నుంచి రాలిన ఇసుక, కొత్తగా రోడ్డు వేసేచోట కంకర, ఇవన్నీ ఒకటే జాతి. దూరం నుంచే చూసి, వాటి మీదికి ఎక్కకముందే, మంచి రోడ్డు మీద ఉండగానే రెండు బ్రేకులతో స్పీడు తగ్గించుకోండి. వాటి మీదికి వచ్చాక ముందు బ్రేకు వదిలేయండి, హ్యాండిల్ తిన్నగా ఉంచండి, ఇంకా తగ్గించాలంటే వెనక బ్రేకుని సన్నగా, చాలా సన్నగా తాకండి. వెనక చక్రం కాస్త జారితే సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే టైమే ఉండదు. వెనక బ్రేకు ముందుదాని కంటే మేలు చేసే చోటు ఇదే.

వానాకాలం మొదటి జల్లు గురించి అందరికీ తెలిసిందే. ఎండాకాలమంతా రోడ్డు మీద చేరిన ఆయిల్, దుమ్ము తడిసి జిగురుగా మారుతుంది. వాన ఓ అరగంట గట్టిగా కురిసి కడిగేదాకా నెమ్మదిగా వెళ్లడం మంచిది. రైల్వే గేటు దగ్గర తడిసిన పట్టాలు, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద వేసిన తెల్ల రంగు పట్టీలు, పనులు జరిగేచోట పరిచిన ఇనప రేకులు, వీటి మీద ఉన్నంతసేపు ఏ బ్రేకూ వేయకండి. ముందే తగ్గించి, బండి నిటారుగా ఉంచి దాటేయండి. వాగు దాటి వస్తే డ్రమ్‌లోకి నీళ్లు వెళ్లి బ్రేకు పట్టదు. కాస్త దూరం నెమ్మదిగా వెళ్తూ పెడల్‌ని లైటుగా నొక్కి ఉంచితే ఆ వేడికి ఆరిపోతుంది.

వెనక చక్రం లాక్ అయితే

ఎంత నేర్చుకున్నా ఏదో ఒక రోజు అవుతుంది. కుక్క అడ్డం వస్తుంది, కాలు గట్టిగా పడుతుంది. అప్పుడు రెండు దారులు ఉంటాయి.

బండి ఇంకా తిన్నగానే పోతుంటే కాలి ఒత్తిడిని కొంచెం వదలండి. చక్రం మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది, అప్పుడు మళ్లీ మెత్తగా నొక్కండి. కానీ వెనక భాగం అప్పటికే బాగా పక్కకి వచ్చేసి, బండి కాస్త అడ్డం తిరిగి ఉంటే మాత్రం బ్రేకు ఒక్కసారిగా వదలకండి. వదిలారంటే అడ్డంగా జారుతున్న టైరుకి హఠాత్తుగా పట్టు దొరుకుతుంది, బండి అటు నుంచి ఇటు విదిలించుకుని మనిషిని గాల్లోకి విసిరేస్తుంది. పక్కకి జారి పడటం కంటే అది చాలా ప్రమాదం. ఆ స్థితిలో బ్రేకు అలాగే పట్టి ఉంచి, చూపు దూరంగా ముందుకే పెట్టి, హ్యాండిల్ మీరు వెళ్లాలనుకున్న వైపు ఉండేలా చూసుకుని, బండి ఆగేదాకా ఓపిక పట్టండి. కుక్క వైపు, గుంట వైపు చూడకండి. కళ్లు ఎటు వెళ్తే బండి అటే వెళ్తుంది.

మలుపులూ ఘాట్ రోడ్లూ

మలుపులోకి వచ్చాక బ్రేకు వెతుక్కోకండి, తిన్నటి రోడ్డు మీదే స్పీడు తగ్గించుకుని లోపలికి రండి. అయినా మలుపు అనుకున్నదానికంటే బిగువుగా ఉంటే వెనక బ్రేకుని ఈకతో తాకినంత తాకండి. బండి దారి మలుపు లోపలి వైపుకి కాస్త వంగుతుంది. వాలి ఉన్న టైరు తన పట్టులో చాలా భాగం మలుపు తిరగడానికే ఖర్చు పెడుతోంది, బ్రేకు కోసం మిగిలింది కొంచెమే. ఆ కొంచెమే వాడుకోండి.

రేసుల్లో వెనక బ్రేకు వాడరనే మాటకి జవాబుగా మిక్ డూహన్ సంగతి చెప్పాలి. ఈ ఆస్ట్రేలియా రేసరుకి 1992లో నెదర్లాండ్స్‌లోని అస్సెన్‌లో పడి కుడి కాలు బాగా దెబ్బతింది. కాలితో బ్రేకు నొక్కడం కష్టమైంది. ఆయన కోసం ఎడమ చేతి బొటనవేలితో నొక్కే వెనక బ్రేకు తయారు చేశారు. ఆ బండ్లతో 1994 నుంచి 1998 దాకా వరసగా ఐదుసార్లు 500 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. వెనక బ్రేకు అక్కర్లేనిదైతే దాన్ని చేతి దగ్గరికి తెచ్చుకునే శ్రమ ఎందుకు పడతారు?

ఘాట్ దిగడం వేరే పని. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు మీద, శ్రీశైలం దారిలో, అరకు నుంచి అనంతగిరి మీదుగా కిందికి వచ్చేటప్పుడు మనవాళ్లలో కొందరు పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దిగుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంజిన్ పట్టి ఉంచడం మానేస్తే మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి, ఇంజిన్‌నే స్పీడు పట్టి ఉంచనివ్వండి. బ్రేకు అవసరమైనచోట రెండూ కలిపి వేసి, స్పీడు తగ్గగానే పూర్తిగా వదలండి. కాలు పెడల్ మీద ఆనించి కిలోమీటర్ల తరబడి రాసుకుంటూ దిగితే డ్రమ్ వేడెక్కుతుంది, లైనర్ల పట్టు తగ్గిపోతుంది, పెడల్ ఎంత నొక్కినా బండి ఆగదు. మాడిన వాసన వచ్చినా, పెడల్ మామూలు కంటే లోతుగా దిగుతున్నా పక్కకి ఆపి, చల్లారేదాకా కూర్చోండి. తొందరపడి నీళ్లు పోయకండి, వేడి ఇనుము మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు.

వెనక మనిషి ఉన్నప్పుడు, బస్తా ఉన్నప్పుడు

వెనక ఒకరు కూర్చుంటే వెనక చక్రం మీద బరువు పెరుగుతుంది, కాబట్టి వెనక బ్రేకు మామూలు కంటే బాగా పనిచేస్తుంది. ధైర్యంగా కాస్త ఎక్కువ నొక్కవచ్చు. పాల క్యాన్లు, గ్యాస్ బండ, యూరియా బస్తా కట్టుకుని వెళ్లేటప్పుడూ అంతే. కానీ బండి మొత్తం బరువు కూడా పెరిగింది, ఆగే దూరం ఎక్కువవుతుంది, ముందున్న వాహనానికి ఎడం పెంచండి. బరువు మరీ వెనక్కి ఉంటే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది, అలాంటప్పుడు అసలు స్పీడే పోకూడదు.

మీ బండిలో ఏ పద్ధతి ఉందో తెలుసుకోండి

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు), అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉన్న బైకులో కాలి బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. స్కూటర్లలో ఎడమ చేతి బ్రేకుకి ఇదే పని. దీనివల్ల "కాలిదొక్కటే" అలవాటున్నవాళ్లకు మేలే జరిగింది. కానీ మీరు వెనక బ్రేకనుకుని ఇసుకలో గట్టిగా తొక్కితే ముందు చక్రం కూడా పట్టుకుంటుందని గుర్తుంచుకోండి. చాలా బళ్లలో మెత్తగా నొక్కినంతవరకు వెనకదే పడుతుంది, గట్టిగా నొక్కితేనే ముందుది కలుస్తుంది. మీ బండిలో ఎక్కడ కలుస్తుందో గ్రౌండ్‌లోనే తెలుసుకోండి.

ఏబీఎస్ ఉందని నిశ్చింతగా ఉండేవాళ్లు మాన్యువల్ ఒకసారి తీసి చూడండి. సింగిల్ చానెల్ అని ఉంటే అది ముందు చక్రానికి మాత్రమే. మీ వెనక చక్రం పాత బండి చక్రంలాగే లాక్ అవుతుంది, పై పాఠాలన్నీ మీకు యథాతథంగా వర్తిస్తాయి. డ్యూయల్ చానెల్ అయితే సడన్ బ్రేకులో పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది. భయపడి కాలు తీయకండి, అలాగే నొక్కి ఉంచండి. ఇంకో మాట, ఇంట్లో పాత బుల్లెట్ ఉంటే దానికి బ్రేకు ఎడమ కాలికి, గేరు కుడి కాలికి ఉంటాయి. తాతగారి బండి సరదాగా తీసేవాళ్లు వీధి చివరి దాకా నెమ్మదిగా వెళ్లి కాళ్లకు అలవాటు చేసుకున్నాకే మెయిన్ రోడ్డు ఎక్కాలి.

చివరిగా పంచర్ షాపు దగ్గర మాట. ట్యూబ్ టైరుకి పంచర్ వేయాలంటే వెనక చక్రం విప్పుతారు, బ్రేక్ రాడ్ నట్టు తీస్తారు, డ్రమ్ ప్లేటుని పట్టి ఉంచే కడ్డీ బోల్టు కూడా తీస్తారు. ఒకసారి మా ఊరి బయట పంచర్ వేయించుకుని డబ్బులిచ్చి బయల్దేరాను. వంద అడుగులు పోయాక స్పీడ్ బ్రేకర్ దగ్గర పెడల్ నొక్కితే కాలు అలా కిందికి వెళ్లిపోయింది. నట్టు రెండు చుట్లు మాత్రమే ఎక్కి ఉంది. ముందు బ్రేకు ఉంది కాబట్టి ఆగాను. అప్పటి నుంచి ఎవరు చక్రం విప్పినా ముందు ఆ కడ్డీ బోల్టు, దాని పిన్ను చూస్తాను, బండి స్టాండ్ తీయకముందే పెడల్ మూడుసార్లు నొక్కుతాను, వెనక లైటు వెలుగుతోందో లేదో పక్కనున్నవాళ్లని అడుగుతాను. మా మేనల్లుడికి గేర్లు వేయడం కంటే ముందు నేర్పింది ఇదే.